నీలం అంచు పళ్లెం

హడర్స్‌ఫీల్డ్, ఇంగ్లండ్
22 జనవరి 1989

టాంటీ యూఫీమియా గారికి,

నేను గ్లెన్‌రాయ్‌ని, మీ అన్న అబ్నర్‌ మనవణ్ని. నవంబరులో తాతయ్య పోయిన కబురు మీకు రాసింది నేనే. జవాబుగా మీరు పంపిన నల్ల అంచు కార్డు అందింది. అందులో సంతకం తప్ప ఇంకేమీ లేదు కాబట్టి, నా ఉత్తరం మీకు ఇష్టమో కాదో తెలియకుండానే మళ్లీ రాస్తున్నాను. మిమ్మల్ని ఏమని పిలవాలని నాన్నను అడిగితే, అక్కడ అత్తలనీ మామ్మలనీ అందరినీ టాంటీ అనే అంటారు, అలాగే అను అన్నాడు.

సంగతేమిటంటే, ఏప్రిల్‌లో నేను మీ కారియకూ దీవికి వస్తున్నాను. పత్రికలో ఒక మూల చిన్న ప్రకటన చూశాను. మాంచెస్టర్ నుంచి బార్బడోస్ వెళ్లే విమానంలో మిగిలిపోయిన సీట్లు అయినకాడికి అమ్మేస్తున్నారు. బార్బడోస్ నుంచి మీ వైపు సిమెంటు, ఉల్లిపాయలు మోసే సరుకుల పడవ ఒకటి ఉందట, పైన బస్తాల పక్కన చోటిస్తారట. మిల్లులో నాకు దొరికిన సెలవు తొమ్మిది రోజులు. రానూపోనూ పోగా మీ దీవిలో నాలుగు రోజులుంటాను.

నా వల్ల మీకు ఏ ఇబ్బందీ ఉండదు. గుడారం తెచ్చుకుంటున్నాను, ఒడ్డున ఇసుకలో వేసుకుంటాను. తిండి కూడా నేనే తెచ్చుకుంటాను. దయచేసి నా కోసం ఏమీ వండొద్దు. తాతయ్య పుట్టిన ఇల్లు ఒక్కసారి చూస్తే చాలు.

ఆయన లేని వంటిల్లు ఎలాగో ఉంది. రిటైరై పదేళ్లు దాటినా తాతయ్యలో బస్సు కండక్టరు పోలేదు. సంకటిలో బెండకాయ చక్రాలు వస్తే ఒక్కొక్కటే తీసి పళ్లెం అంచు మీద వరసగా నిలబెట్టి, “టికెట్టు లేదు, దిగండి” అనేవాడు. ఇంకో అలవాటు కూడా ఉండేది. తనంతట తాను వచ్చి బల్ల దగ్గర కూర్చునేవాడు కాదు. నీలం అంచు సత్తు పళ్లెం ఒకటి, అంచంతా పెచ్చులూడింది, అది పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. ఎవరో ఒకరు “రా, తిను” అనాలి. నానమ్మ రోజూ తిట్టేది. అదేం అలవాటో మాకెవరికీ చెప్పలేదు.

మీరు కాదంటే రాను. టికెట్టు మాత్రం కొనేశాను, వాపసు ఇవ్వరట.

చలికి చేతివేళ్లు కొంకర్లు పోతున్న
గ్లెన్‌రాయ్

&nbsp;

విండ్‌వర్డ్, కారియకూ
12 ఫిబ్రవరి 1989

గ్లెన్‌రాయ్,

పోస్టాఫీసు పిల్ల నీ ఉత్తరం తానే చదివి వినిపిస్తానని చెయ్యి చాచింది. లాక్కున్నాను. నాకు డెబ్బై మూడేళ్లు వచ్చాయి గాని నా కళ్లు ఇంకా నాకే పనిచేస్తున్నాయి.

గుడారమా? మన వంశంలో ఇసుకలో పడుకున్నవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన స్కాట్లండు ముత్తాత ఒకడు, తాగి ఇంటి దారి మరిచిపోయిన మా బాబాయి ఒకడు. మూడోవాడివి నువ్వు అవుతానంటే ఊరు నన్ను చూసి నవ్వుతుంది. ఇంట్లో మంచం ఉంది, దోమతెర ఉంది. ఆ గుడ్డ ముక్క అక్కడే పారేసి రా.

ఇంకో మాట అడుగుతాను, నిజం చెప్పు. “నా కోసం ఏమీ వండొద్దు” అని నీ అంతట నువ్వే రాశావా, పోయేముందు అబ్నర్ రాయమన్నాడా? ఎందుకు అడుగుతున్నానో ఇప్పుడు చెప్పలేను.

క్రిస్మస్ వెళ్లినప్పటి నుంచి మీ తాత నా కలలోకి వస్తున్నాడు. మాట్లాడడు. ఇంగ్లండులో చచ్చిన ముసలివాడిలా కాదు, ఇక్కడి నుంచి వెళ్లిన నాటి మనిషిలాగే వస్తాడు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడతాడు, చేతిలో ఖాళీ పళ్లెం ఉంటుంది. నీ ఉత్తరంలో ఆ గుమ్మం మాట చదివాక కాగితం మడిచి పెట్టి పెరట్లోకి వెళ్లాను. కోళ్లకు గింజలు వేశాను. అప్పటికే ఒకసారి వేశానన్న సంగతి అవి తినడం మానేశాక గుర్తొచ్చింది.

పోయినవాళ్లు కలలో అన్నం అడిగితే ఇక్కడ రెండోసారి అడిగించుకోరు. ఏప్రిల్ ఎనిమిదో తేదీ శనివారం అబ్నర్ పేరున సరాకా పెడుతున్నాను. గొర్రెను కోస్తాం, ఊరంతటికీ విందు, తెల్లవార్లూ పెద్ద డోళ్ల మీద పితరుల పాటలు. ముసలి ఇగ్నేషియస్ ఇప్పటినుంచే డోలు తోళ్లకు నూనె రాస్తున్నాడు. అబ్నర్ రక్తం ఒక్కటైనా ఆ వాకిట్లో ఉంటే బాగుంటుంది.

బెండకాయ సంగతి రాశావు. బస్సు కాదురా, అవి పడవలు. చిన్నప్పుడు ఆ చక్రాలను పళ్లెం అంచున వరస పెట్టి, పందేనికి బయల్దేరే పడవలంటూ ఒక్కోదానికి పేరు పెట్టేవాడు. నాన్న పడవే ఎప్పుడూ గెలిచేది. గెలిచిన దాన్ని కూడా తినేవాడు కాదు, కోడికి వేసేవాడు. అరవై ఏళ్లు ఆ సంగతే మరిచిపోయాను. నువ్వు రాశాక అమ్మ గొంతు కూడా వినిపించింది, “అబ్నర్, తిండితో ఆటలా” అని.

నువ్వు ఏ వేళకు వచ్చినా సరే, నీ పళ్లెం బల్ల మీద ఉంటుంది. ఆ మాట నాది.

టాంటీ ఫీమీ

&nbsp;

హడర్స్‌ఫీల్డ్
5 మార్చి 1989

టాంటీ ఫీమీ గారికి,

వండొద్దని నాతో ఎవరూ రాయించలేదు. తప్పంతా నా పీనాసితనానిది. తక్కువ ఖర్చులో తిరగాలనుకునేవాడు ఎవరికీ బరువు కాకూడదని నా లెక్క. అయినా ఆ బుద్ధి తాతయ్య నేర్పిందే లెండి. చిన్నప్పుడు స్నేహితుల ఇళ్లకు వెళ్తుంటే డబ్బాలో రొట్టె పెట్టి చేతికిచ్చేవాడు. “ఎవరింటికి వెళ్లినా నీ తిండి నువ్వు పట్టుకెళ్లు. ఇంకొకరి కుండ మీద ఆశ పెట్టుకుంటే ఆకలితో తిరిగి రావాల్సొస్తుంది” అనేవాడు. బస్సు డ్యూటీలో వచ్చిన అలవాటు కాబోలు అనుకునేవాళ్లం. కాబట్టి కోపగించుకోకండి. చిక్కుడుగింజల డబ్బాలు ఆరు ఇప్పటికే కొన్నాను.

విచారించాల్సిన విషయం ఒకటుంది. విమానం ఆరో తేదీ గురువారం. పడవ శుక్రవారం సాయంత్రం బార్బడోస్‌లో బయల్దేరి, దారిలో సెయింట్ విన్సెంట్‌లో సరుకు దించి, ఆదివారం మధ్యాహ్నానికి గాని మీ ఊరు చేరదట. సరాకా అయిపోయాక వస్తాను. టికెట్టు మార్చమంటే ఏజెన్సీ అమ్మాయి నవ్వేసింది. క్షమించండి.

తాతయ్య మంచం పక్కన గోడ మీద ఒక పడవ ఫొటో ఉంది. తెల్లటి పడవ, ముందు భాగంలో ‘ఎస్తర్’ అని పేరు. ఎవరిదని అడిగితే “నాది కాదు” అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. అది మీ కుటుంబం పడవేనా? ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? ఉంటే ఒక్కసారి ఎక్కాలని ఉంది.

నెలలో కలుస్తాం. మీరు ఎలా ఉంటారో తెలియదు, ఒడ్డున ఎవరు ముందు తిడితే వాళ్లే మీరనుకుంటాను.

గ్లెన్‌రాయ్

&nbsp;

విండ్‌వర్డ్
24 మార్చి 1989, గుడ్‌ ఫ్రైడే

గ్లెన్‌రాయ్,

ఈస్టరు సెలవులకు ఉత్తరాల సంచి వారం రోజులు ఇక్కడే పడి ఉంటుందని పోస్టాఫీసు పిల్ల చెప్పింది. నువ్వు బయల్దేరేలోగా ఇది నీకు అందుతుందో లేదో. అందకపోయినా రాయక తప్పదు. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఎస్తర్ మా అమ్మ పేరు. ఆ పడవను నాన్న ఇదే ఒడ్డున, బాదం చెట్ల కింద, మూడేళ్లు కష్టపడి కట్టాడు. మేకులు అందించింది నేను, చెక్కలు పట్టుకుంది అబ్నర్. నాన్న పోయాక ఇల్లు గడిచింది ఆ పడవ మీదే. యాభై తొమ్మిది అక్టోబరులో అబ్నర్ దాన్ని బాగుచేయించాలని గ్రెనడా తీసుకెళ్లాడు. వారం పోయాక ఇంకెవరి పడవలోనో తిరిగొచ్చాడు. అమ్మేశాడు. ఇంగ్లండు ఓడ టికెట్టు కోసం. నాతో ఒక్క మాట అనలేదు, అమ్మతోనూ అనలేదు.

ఆ రోజు మధ్యాహ్నం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అమ్మ దగ్గర నీలం అంచు పళ్లేలు రెండు ఉండేవి. అందులో ఒకటి చేత్తో పట్టుకుని, “ఫీమీ, ఆకలేస్తోంది” అన్నాడు. నేనన్నాను, “నాన్న పడవనే మింగావు కదా. ఇంకా ఆకలేనా?” అంతటితో ఊరుకోలేదు. పొయ్యి మీది సంకటి కుండ ఎత్తి, అతను చూస్తుండగా కోళ్లకు కుమ్మరించాను. వెనక గదిలో మంచం మీద అమ్మ అంతా వింటోంది. అబ్నర్ ఒడ్డు వైపు నడిచి వెళ్లిపోయాడు. పళ్లెం చేతిలోనే ఉండిపోయింది. ఆ ఇంటి నుంచి అతను పట్టుకెళ్లింది అదొక్కటే.

ఇరవై తొమ్మిదేళ్లు క్రిస్మస్‌కి పీపా నిండా బట్టలు, సబ్బులు పంపాడు. ఒక్క ఉత్తరం రాయలేదు. నేనూ రాయలేదు. ఇంకొకరి కుండ మీద ఆశ పెట్టుకోవద్దని నీకు ఎందుకు చెప్పేవాడో ఇప్పుడు తెలిసిందా?

ఎనిమిదో తేదీ సాయంత్రం అమ్మ గదిలో తెల్లగుడ్డ పరిచి పెద్దల పళ్లెం పెడతాను. ఊళ్లో ఎవరూ ముద్ద ముట్టకముందే అన్నిట్లోంచీ మంచి ముక్క తీసి అందులో పెట్టాలి. సముద్రం వైపు తలుపు తీసి ఉంచుతాను, వచ్చేవాళ్లు అటునుంచే వస్తారు. తెల్లవారే దాకా ఆ గదిలో బతికున్నవాళ్లు అడుగు పెట్టరు. ఉదయం పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, పిల్లలను పిలిచి తినిపిస్తాం. పెద్దలు పుచ్చుకున్నారో లేదో తర్వాత కలల్ని బట్టి తెలుస్తుంది. ఈసారి పెట్టేది రెండో నీలం అంచు పళ్లెంలో.

అబ్నర్ పుచ్చుకుంటే అమ్మ సమాధి పక్కన అతని పేరున రాయి నిలబెడతాను. ఎముకలు మీ చలిదేశంలో ఉన్నా పేరు ఇక్కడ ఉండాలి. పుచ్చుకోకపోతే ఆ రాయి నిలబెట్టే హక్కు నాకు లేదు. నేను కూడా ఎక్కువ కాలం ఉండేదాన్ని కాదు. అమ్మకు ఏం ముఖం చూపించాలి?

నువ్వు ముందే చేరితే మాత్రం అమ్మ గదిలోకి వెళ్లకు.

ఫీమీ

&nbsp;

విండ్‌వర్డ్
23 ఏప్రిల్ 1989

నా బంగారు గ్లెన్‌రాయ్,

క్షేమంగా చేరావా? నువ్వు వెళ్లిన మర్నాడే నీ గుడారం తాడు ఒకటి మేక నోట్లో కనిపించింది. మిగతాది నీ సంచిలో ఉందనుకుంటాను, లేకపోతే మేక ఈపాటికి పోయి ఉండేది.

నువ్వు ఇక్కడున్న నాలుగు రోజులూ పెరట్లో జనమే, మనసు విప్పి మాట్లాడడం కుదరలేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తాను. నేను గుడ్‌ ఫ్రైడేనాడు రాసిన ఉత్తరం ఈపాటికి అంది ఉంటుంది. అది చదివాక దీన్ని చదువు.

ఆ ఆదివారం ఉదయం డోళ్లు ఆగి, అందరూ బెంచీల మీద, మెట్ల మీద ఎక్కడివాళ్లక్కడ కునుకు తీశారు. ఏడు గంటలకు నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని అమ్మ గది తలుపు తీశాను. పళ్లెం ఖాళీగా ఉంది నాయనా. మాంసం లేదు, కందులు లేవు, సంకటి లేదు. కోడి ఎముక తెల్లగా ఉంది. గ్లాసులో రమ్ము ఒక గుక్క తగ్గింది. పళ్లెం అంచు మీద ఏడు బెండకాయ చక్రాలు, ఒకదాని వెనక ఒకటి, వరసగా.

నేను అక్కడే కూలబడ్డాను. ఆడవాళ్లు చప్పట్లు కొట్టి పాట ఎత్తుకున్నారు. ఇగ్నేషియస్ మాత్రం తల గోక్కుంటూ, “చచ్చినవాళ్లు వాసన పుచ్చుకుంటారు గాని ఎముకలు చీకరు ఫీమీ, నా ఎనభై ఏళ్లలో నేను చూడలేదు” అన్నాడు. వాణ్ని డోలుతో సహా వాకిట్లోంచి గెంటినంత పని చేశారు. బెండకాయలను అలా పేర్చేవాడు ఈ లోకంలో ఇంకెవడున్నాడు?

పదింటికి నువ్వు చెవుల్లో ఇసుకతో ఒడ్డు నుంచి వచ్చావు, పడవ ముందే దించేసిందని. నీ ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, “అబ్నర్ తిన్నాడురా” అన్నాను. పెరట్లో ఒకావిడ పెద్దల పళ్లెం సంగతి చెప్పాక నీ ముఖం పాలిపోయింది. ఇంగ్లండులో పుట్టినా నీకు పెద్దలంటే భయభక్తులున్నాయని నాకెంత సంతోషమైందో. నా చేతి వంట కాదనకుండా నాలుగు రోజులు తిన్నావు. బెండకాయ కూడా ఒక్క ముక్క వదలకుండా తిన్నావు, చూసి చూసి ఇంకో గరిటె వేశాను. ఆ ఒక్క విషయంలో మీ తాత పోలిక రాలేదు నీకు.

ఆ రోజు నుంచి అబ్నర్ కలలోకి రాలేదు. ముప్పై ఏళ్లుగా గుండెల మీద ఉన్న బరువు దిగింది. రాయి చెక్కే లియోపోల్డ్‌కు కబురు పెట్టాను. అమ్మ పక్కన జాగా కొలిచి వెళ్లాడు. అతని పూర్తి పేరు, పోయిన తేదీ కావాలట. జూన్ లోపల రాసి పంపు, అవి రాగానే చెక్కడం మొదలుపెడతాడు.

తృప్తిగా ఉన్న నీ
టాంటీ

&nbsp;

హడర్స్‌ఫీల్డ్
14 మే 1989

టాంటీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను.

నీ గుడ్‌ ఫ్రైడే ఉత్తరం నేను తిరిగొచ్చిన రోజు గుమ్మం లోపల చాప మీద పడి ఉంది. సంచి కూడా దించకుండా మెట్ల మీద కూర్చుని చదివాను. అది ఒక్క వారం ముందు వచ్చి ఉంటే ఇప్పుడు రాయబోయేది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

పళ్లెం ఖాళీ చేసింది నేను.

సెయింట్ విన్సెంట్‌లో దించాల్సిన సరుకు లేదని పడవ అక్కడ ఆగలేదు. ఆదివారం అప్పుడప్పుడే తెల్లవారుతుంటే నన్ను మీ ఒడ్డున దించారు. బార్బడోస్ దాటాక నేను ఏమీ తినలేదు. తెచ్చుకున్న రొట్టె ఉప్పునీళ్లకు నానిపోయింది. డబ్బాలు ఆరూ ఉన్నాయి, వాటిని తెరిచేది మాత్రం బరువు తగ్గుతుందని ఇంట్లోనే వదిలేశాను. నవ్వకు. ఇల్లు ఎదురుగా కనబడింది. అందరూ నిద్రపోతున్నారు. సముద్రం వైపు తలుపు తీసి ఉంది. లోపల తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద పళ్లెం నిండా అన్నీ. ఏ వేళకు వచ్చినా నీ పళ్లెం బల్ల మీద ఉంటుందని నువ్వు రాశావు. పైగా అది తాతయ్య పళ్లెమే. అదే నీలం అంచు, అదే పరిమాణం. ఆయన రోజూ తానే కడిగి, తుడిచి, తానే అల్మరాలో పెట్టుకునేవాడు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. దాని జత నీ బల్ల మీద చూడగానే ఇది నాకే అనుకున్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా జన్మలో అంత రుచిగా ఎప్పుడూ తినలేదు. తిన్నాక నిన్ను లేపడం ఇష్టం లేక ఒడ్డుకు వెళ్లి గుడారం వేసుకుని పడుకున్నాను.

నువ్వు నా ముఖం పట్టుకుని “అబ్నర్ తిన్నాడు” అన్నప్పుడు నాకేమీ అర్థం కాలేదు. తర్వాత పెరట్లో ఒకావిడ విడమరిచి చెప్పింది. అప్పటికి నువ్వు ఏడుస్తూ నవ్వుతున్నావు. నాలుగు రోజులు రోజూ చెబుదామనే అనుకున్నాను, రోజూ నువ్వు ఇంకో గరిటె వడ్డించేదానివి.

బెండకాయ అంటే నాకు పరమ అసహ్యం టాంటీ. తాతయ్య పక్కన కూర్చుని తిని తిని నేనూ ఆ చక్రాలను అంచు మీద పేర్చడమే నేర్చుకున్నాను. ఆ రోజు చెయ్యి దానంతటదే పేర్చింది. నీ ముందు అలా చేస్తే దొరికిపోతానని నాలుగు రోజులు కళ్లు మూసుకుని మింగాను.

నీ గుడ్‌ ఫ్రైడే ఉత్తరం చదవకపోయి ఉంటే నోరు మూసుకుని ఉండేవాణ్నేమో. కానీ నువ్వు దీన్ని నమ్మి రాయి చెక్కిస్తున్నావు. తాతయ్య పేరు కింద నా అబద్ధం ఉండకూడదు. అందుకే పేరు, తేదీ ఈ కాగితంలో రాయడం లేదు. ఇది చదివాక కూడా కావాలంటే అడుగు, ఆ రోజే పంపుతాను. వద్దంటే నా ముఖం మళ్లీ చూడనవసరం లేదు.

పెరట్లో ఆవిడ చెప్పినదాన్ని బట్టి చూస్తే తాతయ్య ఆత్మకు నేను ద్రోహం చేశానో లేదో తెలియదు. నీకు మాత్రం చేశాను.

గ్లెన్‌రాయ్

&nbsp;

విండ్‌వర్డ్
11 జూన్ 1989

గ్లెన్‌రాయ్,

నీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులైంది. మొదటి మూడు రోజులు నువ్వు ఎదురుగా ఉంటే నీ తల మీద గరిటె విరిగేది. ఊరు ఊరంతటినీ పిచ్చివాళ్లను చేశావు. నలుగురు ఆడవాళ్లు నా పళ్లెం కథ గ్రెనడా దాకా మోసుకెళ్లారు. చర్చిలో కూడా నన్ను చూసి లేచి చోటిస్తున్నారు.

నాలుగో రోజు ఇగ్నేషియస్ దగ్గరికి వెళ్లి ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. చిక్కుడుగింజల డబ్బాల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక డోలు మీదే కూర్చున్నాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, “ఎముక చీకింది బతికున్నవాడేనని నేను ముందే చెప్పాను కదా” అన్నాడు. డోలు మీంచి లేచి, “ఫీమీ, కలలో నిన్ను అతను అడిగిందేమిటి?” అన్నాడు. అన్నం అన్నాను. “పెట్టావా?” అన్నాడు. పెట్టాను అన్నాను. అంతే, డోలు తాళ్లు బిగించుకోసాగాడు.

ఇంటికి వచ్చి అమ్మ గదిలో కూర్చున్నాను. నేను తరిమేసినవాడి మనవడు అదే సముద్రం మీద నుంచి, అంతే ఆకలితో ఆ ఇంటికే వచ్చాడు. తలుపు తీసి ఉంది. ఎవరూ రమ్మనకుండానే, గుమ్మంలో నిలబడి అడగకుండానే, తన ఇంటికి వచ్చినవాడిలా కూర్చుని కడుపు నిండా తిన్నాడు. ఇది నాకే పెట్టారు అనుకున్నాడు. అబ్నర్ ముప్పై ఏళ్లు ఏ మాట కోసం నిలబడ్డాడో నీకు ఆ మాట అవసరమే పడలేదు. నేను మోకాళ్ల మీద అడిగింది అంతకంటే ఏముందిరా? దెయ్యం వచ్చి తింటే నేను భయపడి ఉండేదాన్ని. నువ్వు తిన్నావని తెలిశాక, నిజం చెబుతున్నాను, ఏడ్చాను, చాలాసేపు.

నీ ఉత్తరం వచ్చాక అబ్నర్ మళ్లీ కలలోకి వస్తాడేమోనని చూశాను. రాలేదు. రాలేదని కొంచెం బెంగగా కూడా ఉంది. ఎలాగైనా అన్న కదా.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరందరి ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. సగం మంది నవ్వారు. మిగతా సగం ఇప్పటికీ అబ్నరే తిన్నాడు, కుర్రవాడు సిగ్గుపడి తన మీద వేసుకుంటున్నాడు అంటున్నారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

పూర్తి పేరు, తేదీ వెంటనే పంపు. లియోపోల్డ్ రాయి నునుపు చేసి వాకిట్లో పడుకోబెట్టాడు, కోళ్లు దాని మీదెక్కి తిరుగుతున్నాయి. వచ్చే ఏప్రిల్‌లో నిలబెడతాం. ఆ విందుకు నువ్వుండాలి. మీ నాన్నను కూడా లాక్కురా. మిగిలిపోయిన సీట్లే కొను, బస్తాల పక్కనే పడుకో, అదంతా నీ ఇష్టం. గుడారం మాత్రం మేకకు ఇస్తాను. నా బల్ల దగ్గర కళ్లు మూసుకుని బెండకాయలు మింగే పని ఇక పెట్టుకోకు. అంచు మీద పేర్చు, పడవలకు పేర్లు నేను పెడతాను.

ఒక్క మాట మరిచిపోకు. అల్మరాలోంచి అబ్నర్ పళ్లెం తీసుకురా. ఖాళీ పళ్లెమే తీసుకురా.

రా, తిను.

ఫీమీ